రెండు చప్పట్లు

జూన్ 10 పొద్దున్నే ముసురు పట్టుకుంది. "ఈ వానలో కొండెందుకమ్మా, ఆదివారం వెళ్దాంలే" అంది మా అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. ఆదివారం నాటికి అక్కడ నాట్లు అయిపోతాయి. క్యోతో నగరం దక్షిణ భాగంలో ఫుషిమి ఇనారి అనే కొండ కోవెల ఉంది. ఏటా జూన్ 10 మధ్యాహ్నం అక్కడ దేవుడి మడిలో వరినాట్లు వేస్తారు. దేవుడికంటూ ఒక మడి ఉంచి, ఏప్రిల్‌లో నారు పోసి, జూన్‌లో నాటి, అక్టోబరులో కోసి, ఆ బియ్యమే ఆయనకు నైవేద్యం పెడతారని చదివిన రోజే అనుకున్నాను, జపాన్‌లో ఇంకేం చూసినా చూడకపోయినా ఇది మాత్రం చూడాలని. మా నాయనమ్మ ఒళ్ళు సహకరించినన్నాళ్ళూ ఊడుపులకు వెళ్ళిన మనిషి.

మాది వినుకొండ దగ్గర పల్లెటూరు. నాగార్జున సాగర్ కుడి కాలువ రాకముందు అంతా మెట్టే. జొన్న, సజ్జ, వరిగ పండేవి. వరన్నం పండగ కూడు. 1967లో సాగర్ నీళ్ళు వదిలాక కాలువ కింద కొంత నేల మాగాణి అయింది, తక్కిన చేలు పత్తికీ మిరపకీ తిరిగాయి. నాయనమ్మ నడివయసులో ఊడుపు నేర్చుకుంది. మాకు సొంత మడి లేదు. పొద్దున్నే చద్ది తాగి, చీర మోకాళ్ళ పైకి బిగించి, ఎవరి మడిలోనో వంగితే సాయంత్రానికి లేచేది. ఇంటికొచ్చాక ఆమె కాలివేళ్ళ సందుల్లో బురద పాసిన చోట పసుపు రాయడం నా పని.

ఒసాకాలో మా అమ్మాయి ఇంటి నుంచి క్యోతో పెద్ద స్టేషన్‌కి వచ్చి, నారా వైపు బండి మారితే రెండో స్టేషనే ఇనారి. అయిదు నిమిషాల దారి. స్టేషన్ బయట రోడ్డు దాటామో లేదో ఎదురుగా మొదటి వాకిలి. రెండు నిలువు స్తంభాలు, పైన అడ్డంగా రెండు దూలాలు, అంతే. దాన్ని తోరీ అంటారు. మన 'తోరణం' అన్న మాటే బౌద్ధంతో పాటు అటు వెళ్ళి తోరీ అయిందని కొందరు పండితులంటారు. కాదు, పక్షులు వాలే దండెం అని దాని అర్థమని ఇంకొందరంటారు. నాకు రెండూ నచ్చాయి. రంగు మాత్రం చూడగానే గుర్తుపట్టాను. కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు కాదది. నారింజ వన్నె కలిసిన సిందూరం, మన ఆంజనేయస్వామికి పూసే రంగు. పూర్వం ఆ రంగును పాదరసం కలిసిన ఇంగిలీకంతో చేసేవారట. చెక్కను పుచ్చిపోకుండా కాపాడుతుందనీ, చెడును దూరం పెడుతుందనీ రెండు కారణాలు చెబుతారు.

కాసేపు ఆ వాకిలి కింద నిలబడిపోయాను. దానికి తలుపు లేదు. గడియ లేదు. లోపల తర్వాత వచ్చే వాకిళ్ళకూ లేవు. కొండంతా పగలూ రాత్రీ తెరిచే ఉంటుందనీ, టిక్కెట్టు కూడా లేదనీ అమ్మాయి చెప్పింది.

వినుకొండ దగ్గర పుట్టిన మనిషికి, గుడి వాకిలి ముందు నిలబడినప్పుడు కవి జాషువా గుర్తు రాకుండా ఉండడు. 1895 సెప్టెంబరు 28న మా వినుకొండలోనే పుట్టాడాయన. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో, గుడిలోకి రానివ్వని ఒక మనిషి తన గోడు శివుడికి చెప్పిరమ్మని గబ్బిలాన్ని పంపుతాడు. గర్భగుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలానికి లేని అడ్డు ఈ మనిషికి ఉంది. బళ్ళో ఆ పాఠం చెప్పిన ముప్పై ఏళ్ళూ ప్రతి ఏడాదీ నాకు గొంతు పట్టేసేది. 1947లోనే మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. 1950 నుంచి అంటరానితనం రాజ్యాంగం ప్రకారమే నేరం. అయినా 1970ల్లో మా నాయనమ్మ ఊళ్ళో గుడి ముందు నుంచి వెళ్ళేటప్పుడు రోడ్డు అవతలి అంచునే ఆగేది. నెత్తి మీది గంప దించేది కూడా కాదు. ఒక చేత్తో గంప పట్టుకుని, రెండో చేత్తో ఈ చెంప మీద ఒకటి, ఆ చెంప మీద ఒకటి లెంపలేసుకుని "సామీ" అనేది. "లోపలికి పోవేం నాయనమ్మా?" అని అడిగితే, "ఆయనకి ఈడికే వినపడుద్దిలే" అనేది. చిన్నప్పుడు ఆ మాట నిజమనుకున్నాను. పెద్దయ్యాక ఆ మాటలో ఎంత దిగమింగుకోవడం ఉందో తెలిసింది.

వాకిళ్ళు దాటగానే నీళ్ళ తొట్టి. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి కడుక్కుని, నోరు పుక్కిలించి ముందుకు పోవాలి. జపాన్ వాళ్ళ షింతో మతంలో మలినం అన్నది పెద్ద మాట. దాన్ని 'కెగారె' అంటారు. చావు, నెత్తురు తగిలితే అంటుతుందని, నీళ్ళతో పోతుందని నమ్మకం. వినడానికి మన మైల లాగే ఉంది. ఈ నమ్మకమే అక్కడా కొందరు మనుషుల మెడకు చుట్టుకుంది. చచ్చిన పశువుల్ని తీసే వాళ్ళని, తోలు పని చేసే వాళ్ళని తరతరాలు మలినమైన వాళ్ళుగా చూసి, ఊరికి దూరంగా వేరే పేటల్లో ఉంచారు. 1871లో ప్రభుత్వం ఆ అంతరాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు తర్వాత కూడా పెళ్ళి సంబంధాల దగ్గర, ఉద్యోగాల దగ్గర ఆ పేటల పేర్లు వాళ్ళను వెంటాడాయి. ఇది తెలిసే నేను చేతులు కడుక్కున్నాను. నీళ్ళు చల్లగా, హాయిగా ఉన్నాయి. కడుక్కున్నవి నా చేతులే, ఎవరినీ దూరం పెట్టడానికి కాదు అనుకుని ముందుకు నడిచాను.

రెండంతస్తుల పెద్ద ద్వారం 1589లో తోయోతోమి హిదెయోషి కట్టించింది. సామాన్య కుటుంబంలో పుట్టి జపాన్ మొత్తాన్ని ఏలిన మనిషి ఆయన. తల్లికి జబ్బు చేస్తే, నయమైతే కానుక ఇస్తానని ఇక్కడ మొక్కుకున్నాడని చెప్పుకునేవారు. 1973లో మరమ్మతుకు ఆ ద్వారాన్ని విప్పినప్పుడు చెక్క మీద సిరాతో రాసిన ఆ 1589వ సంవత్సరమే బయటపడింది. అధికారం ఎంత పెద్దదైనా తల్లి మంచాన పడితే కొడుకు మొక్కుకుంటాడన్నది నాకు చాలా దగ్గరగా అనిపించింది. లోపలి ప్రధాన మందిరం ఇంకా పాతది. 1468లో యుద్ధంలో కాలిపోతే, చందాలు పోగు చేసి 1499లో తిరిగి కట్టారు.

ద్వారానికి రెండు పక్కలా నక్కలు. ఒకటి నోట్లో తాళంచెవి పట్టుకుంది, ఒకటి మణి. ఆ తాళంచెవి ధాన్యపు కొట్టుదంటారు. కొండ మీద ఇంకా వందల కొద్దీ నక్కలున్నాయి, కొన్నింటి నోట్లో వరికంకులు, కొన్నింటి నోట్లో చుట్ట చుట్టిన కాగితం. మెళ్ళో ఎర్ర గుడ్డలు కట్టి ఉన్నాయి. మన కథల్లో నక్క జిత్తులమారి. కానీ అదృష్టం కలిసొచ్చిన వాడిని చూసి "నక్క తోక తొక్కొచ్చాడు" అనేదీ మనమే. ఇక్కడ నక్క దేవుడు కాదు, దేవుడి నౌకరు. చేలల్లో ఎలుకల్ని తిని పంటను కాపాడేది కాబట్టి వరిదేవుడికి తోడైందని ఒక వివరణ.

ఈ నక్కకు మన దేశంతో ఒక చుట్టరికం ఉంది. పిల్లలు అన్నం తినకపోతే "శాకినీ ఢాకినీ వస్తాయి" అని బెదిరిస్తాం కదా. ఆ ఢాకిని తంత్ర గ్రంథాలతో పాటు చైనా మీదుగా జపాన్ చేరింది. అక్కడ తెల్లనక్కనెక్కి, సిరులిచ్చే తల్లి అయింది. ఆమె పేరు దాకినితెన్. కూకై అనే సన్యాసి 806లో చైనా నుంచి తిరిగివచ్చి స్థాపించిన షింగోన్ శాఖ వాళ్ళు ఇప్పటికీ హోమం చేస్తారు, దాన్ని 'గోమ' అంటారు. ఆ శాఖకు పెద్ద దిక్కైన తోజి మందిరం ఈ కొండకు దగ్గర్లోనే ఉంది. వందల ఏళ్ళు ఇనారి దేవుడూ దాకినితెన్ కలిసిపోయి పూజలందుకున్నారు. 1868లో కొత్త ప్రభుత్వం షింతో వేరు, బౌద్ధం వేరు అని విడదీసింది. కోవెలల్లో నుంచి బౌద్ధ విగ్రహాలు తీసేశారు. జనం మనసుల్లో నుంచి తీయలేకపోయారు. ఐచి ప్రాంతంలోని తోయోకావలో ఇప్పటికీ ఒక బౌద్ధ మందిరంలోనే దాకినితెన్‌ను కొలుస్తూ, ఆ చోటును ఇనారి అనే పిలుస్తున్నారు. మన దగ్గర భయపెట్టడానికి వాడుకునే పేరు అంత దూరం పోయి అన్నం పెట్టే పేరైందని తెలిస్తే నాకు ఎంతో సంతోషం కలిగింది.

మందిరం ముందు తాడు లాగి గంట మోగించి, నాణెం వేసి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మొక్కుకుని, మళ్ళీ ఒకసారి వంగాలి. అమ్మాయి ముందు చేసి చూపించింది. నేను చేశాను. చప్పట్లు ఎందుకని అడిగితే, పక్కనే ఉన్న పెద్దావిడ తన మనవరాలితో కలిసి నవ్వుతూ ఏదో చెప్పింది. "వచ్చామని దేవుడికి వినపడాలి కదా అంటోందమ్మా" అని అమ్మాయి తెలుగులో చెప్పింది.

నాయనమ్మ లెంపల చప్పుడు నా చెవిలో మోగింది.

ఇనారి పుట్టుక కథ కూడా వరితోనే ముడిపడింది. 711లో, అంటే మన దగ్గర తూర్పు చాళుక్యులు ఏలుతున్న రోజుల్లో, హాత నో ఇరోగు అనే ధనవంతుడు బియ్యప్పిండి ముద్దను గురిగా పెట్టి బాణం వేశాడు. ముద్ద తెల్లని పక్షి అయి ఎగిరిపోయి ఈ కొండ మీద వాలింది. వాలిన చోట వరి మొలిచింది. 'ఇనె' అంటే వరి, 'నారి' అంటే పండటం. అన్నాన్ని ఆటవస్తువుగా చేసిన తప్పు తెలుసుకుని అతని వంశం వాళ్ళు ఇక్కడ కొలుపు మొదలుపెట్టారు. ఆ హాత వంశం కొరియా వైపు నుంచి వలస వచ్చినవాళ్ళు, పట్టు నేత తెలిసినవాళ్ళు. దేశమంతటా ఇప్పుడు 30 వేల దాకా ఇనారి కోవెలలున్నాయంటారు. అన్నింటికీ ఇదే మూలస్థానం. అంత పెద్ద దేవుడు వలస వచ్చిన వాళ్ళ పొలం గట్టున పుట్టాడన్నమాట.

మందిరం వెనక మెట్లెక్కితే వాకిళ్ళ వరస మొదలవుతుంది. ఒకదాన్ని ఆనుకుని ఒకటి, చెయ్యి దూర్చే సందు కూడా లేకుండా, కొండ మెలికలతో పాటే మెలికలు తిరుగుతూ పోతాయి. అన్నీ కలిపి పదివేల దాకా ఉంటాయట. ఎక్కేటప్పుడు స్తంభాల మీద ఒక్క అక్షరం కనిపించదు. వెనక్కి తిరిగి చూస్తే ప్రతి స్తంభం మీదా నల్లటి రాతలు. ఒక పక్క ఇచ్చినవాళ్ళ పేరు, ఇంకో పక్క నిలబెట్టిన తేదీ. దుకాణాలు, కంపెనీలు, కుటుంబాలు. ఎదో కాలం నుంచి, అంటే రెండు మూడు వందల ఏళ్ళుగా ఈ మొక్కు నడుస్తోంది. వరి దేవుడు పట్నాల్లో బేరసారాల దేవుడు కూడా అయ్యాక ఇంకా పెరిగింది. ఏ కొలత వాకిలికి ఎంతో ధర రాసిన బోర్డు కూడా ఒక చోట ఉంది. మన గుళ్ళలో మెట్టు మీదా గంట మీదా బల్ల మీదా దాతల పేర్లు చెక్కినట్టే. డబ్బున్నవాళ్ళ పేర్లే దేవుడి దగ్గర నిలుస్తాయి కదా అన్న బాధ నాకు అక్కడా కలిగింది.

కొంత దూరం పోయాక ఒక చోట వరస తెగింది. రెండు వాకిళ్ళు తీసేసి ఉన్నాయి. మోకాలెత్తున చెక్క మొదళ్ళు మిగిలాయి, లోపల పుచ్చి గుల్లై ఉన్నాయి. వాన ఎక్కువగా పడే కొండ, చెమ్మ నేల. స్తంభాల అడుగున నల్లరంగు పూసినా కొన్నేళ్ళకే మొదలు పుచ్చుతుంది. అప్పుడు కోసి, కొత్తది నిలబెడతారు. ఇసె అనే చోట సూర్యదేవత కోవెలనైతే 20 ఏళ్ళకోసారి మొత్తం విప్పి పక్క స్థలంలో కొత్తగా కడతారు. 2013లో కట్టింది అరవై రెండోది. తర్వాతది 2033లో.

రాయి మీద నమ్మకమున్న మనకు ఇది వింతగా తోస్తుంది. నాకు కోటప్పకొండ ప్రభ గుర్తొచ్చింది. ఏటా శివరాత్రికి మా చుట్టుపక్కల ఊళ్ళు వెదుళ్ళు, కర్రలు కట్టి, గుడ్డలు చుట్టి, దీపాలు పెట్టి నిలబెట్టే ప్రభ. కొన్ని వందడుగుల దాకా లేస్తాయి. నెల ముందు నుంచి ఊళ్ళో కుర్రాళ్ళకు నిద్ర ఉండదు. తిరునాళ్ళ అయిపోయాక విప్పేస్తారు. మళ్ళీ ఏడాది మళ్ళీ కడతారు. కట్టే విద్య చేతి నుంచి చేతికి అందడానికి అదొక్కటే దారి. ఒకసారి రాతితో కట్టేసి ఊరుకుంటే ఆ ముడి వెయ్యడం మనవడి నాటికి ఎవరికీ రాదు. పుచ్చిన మొదళ్ళ పక్కన కొత్త స్తంభాలకు గోతులు తవ్వి పెట్టి ఉన్నాయి. తవ్విన వాళ్ళ పేరు ఏ స్తంభం మీదా ఉండదు. వానకు ఆ గోతుల్లో నీళ్ళు నిలిచాయి.

సగం కొండ ఎక్కేసరికి మోకాళ్ళు మొరాయించాయి. సరిగ్గా అక్కడ ఒక చెరువు. చెరువనడం ఎక్కువేమో, మా ఊరి కుంటలో సగం ఉంటుంది. చుట్టూ దట్టమైన చెట్లు. ఒడ్డున చిన్న కోవెల, దాని ముందు గాజు పెట్టెలో కొవ్వొత్తులు వరసగా వెలుగుతున్నాయి. దాని పేరు షిన్-ఇకె, కొత్త చెరువు. జనం పెట్టుకున్న పేరు ఇంకోటి ఉంది, కొదమ-గ-ఇకె, ప్రతిధ్వని చెరువు. ఎవరైనా తప్పిపోతే, జాడ తెలియకపోతే, వాళ్ళ వాళ్ళు ఈ చెరువు ఒడ్డుకొచ్చి చప్పట్లు కొడతారట. చప్పుడు ఏ దిక్కు నుంచి తిరిగొస్తే ఆ దిక్కున వెతకాలి.

అమ్మాయి ఫోన్‌లో చూసి ఈ సంగతి చదువుతుంటే నేను అక్కడి రాతి గట్టు మీద కూలబడ్డాను.

మా వినుకొండ పేరుకు పెద్దవాళ్ళు చెప్పే కథ తెలుగువాళ్ళలో చాలామందికి తెలుసు. సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయాడని, రెక్కలు తెగిన జటాయువు నోట రాముడు విన్న కొండ కాబట్టి విన్నకొండ. వాడుకలో వినుకొండ. లేపాక్షి వాళ్ళు జటాయువు పడింది తమ ఊళ్ళోనంటారు, 'లే పక్షీ' అని రాముడన్నాడంటారు. వాళ్ళ ఊరికి లేపిన పేరు, మా కొండకు విన్న పేరు. కొండ మీద రామలింగేశ్వరుడున్నాడు. ఏటా తొలి ఏకాదశికి తిరునాళ్ళ. ఏరువాక సాగి, విత్తనం నేలలో పడిన రోజులు. చుట్టుపక్కల పల్లెల జనమంతా కొండెక్కుతారు. ఇళ్ళల్లో జొన్నపేలాలు విసిరి బెల్లం కలిపిన పిండి చేస్తారు.

నాయనమ్మ ఏ పండక్కీ ఎక్కడికీ పోయేది కాదు. తొలి ఏకాదశికి మాత్రం పేలపిండి మూట కట్టుకుని, నన్ను వెంటేసుకుని, నడిచి వినుకొండ పోయేది. ఆ జనంలో ఎవరు ఏ పల్లెవాళ్ళో, ఏ పేటవాళ్ళో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అందరూ ఎక్కుతుంటారు, ఆమే ఎక్కేది. ఎందుకో నాకు ఎనిమిదేళ్ళప్పుడు తెలిసింది. మా నాన్న తమ్ముడు, మా బాబాయి, నేను పుట్టకముందే ఏదో ఆనకట్ట పనులకని ముఠాతో పోయాడు. ముఠా తిరిగొచ్చింది, ఆయన రాలేదు. ఇంకో పనిలోకి పోయాడన్నారు కొందరు. రైలెక్కాడన్నారు కొందరు. ఉత్తరం లేదు, కబురు లేదు. ఆ రోజుల్లో పేదవాళ్ళ ఇంట్లో మనిషి తప్పిపోతే ఎవరిని అడగాలో కూడా తెలిసేది కాదు. నాయనమ్మ కొండను అడిగేది. పైకెక్కాక గుడి వెనక బండ మీద నిలబడి నాలుగు దిక్కులా చూసేది. "సీతమ్మ జాడ చెప్పిన కొండ. నా బిడ్డ జాడ చెప్పదా" అనేది. నాకు కిందికి చూస్తే వాములు, చేలు, రైలు పట్టాలు తప్ప ఇంకేం కనిపించేవి కాదు. ఆమె చాలాసేపు అలాగే నిలబడేది, చూస్తున్నట్టు కాదు, చెవి ఒగ్గి వింటున్నట్టు. తర్వాత లెంపలేసుకుని, "పదమ్మా" అని దిగేది. చనిపోయే ఏడాది దాకా అలాగే ఎక్కింది.

రెండు కొండలు. ఒక దానికి ఒక దాని సంగతి తెలియదు. తప్పిపోయిన మనిషి కోసం మనిషి కొండ దగ్గరికే ఎందుకు వస్తాడో, వచ్చి చూడకుండా ఎందుకు వింటాడో నాకు చెప్పడం చేతకాదు. అరవై దాటిన మనిషిని, ఆ గట్టు మీద నుంచి లేచి, గొడుగు అమ్మాయి చేతికిచ్చి, నీళ్ళ వైపు తిరిగి రెండు చప్పట్లు కొట్టాను. బాబాయి ఇప్పుడుంటే ఆయనకు ఎనభై దాటి ఉండేవి. ఆయన పేరు మనసులో తలుచుకున్నాను. చెరువు అవతలి చెట్లలో నుంచి చిన్నగా ఒక చప్పుడు వచ్చింది. నా చప్పట్లు తిరిగొచ్చాయో, ఆకుల మీద ఆగిన నీళ్ళు రాలాయో. అది పడమటి వైపు. నేను మళ్ళీ కొట్టలేదు. అమ్మాయి ఏమీ అడగలేదు. నా చెయ్యి పట్టుకుని నిలబడింది. బాబాయి సంగతి అప్పటిదాకా దానికి చెప్పలేదు. దిగేటప్పుడు చెప్పాను.

ఈ కొండ ఎత్తు 233 మీటర్లే, కానీ శిఖరం దాకా పోతే మధ్యాహ్నం నాట్లు అందవు. యోత్సుత్సుజి అనే నాలుగు దారుల కూడలి దాకా ఎక్కి, మబ్బులో మునిగిన క్యోతోను చూసి వెనక్కి తిరిగాం. దారి పొడుగునా చిన్న చిన్న రాతి గుట్టలు, వాటి మీద దేవుడి పేర్లు చెక్కిన రాళ్ళు. ఎవరికి వాళ్ళు తమకు నచ్చిన పేరుతో దేవుణ్ణి పిలుచుకుని నిలబెట్టుకున్నవి. పెద్ద మందిరం పూజారులు పెట్టినవి కావు, జనం పెట్టుకున్నవి. పొలం గట్టు మీద రాయికి పసుపు రాసి పోలేరమ్మ అన్న మన ఆడవాళ్ళను అవి నాకు చూపించాయి.

కింద కొట్లలో వేయించిన సోయా పొట్లంలో అన్నం కూరిన ఇనారిజుషి తిన్నాం. తియ్యగా ఉంది. నక్కలకు ఇష్టమని దానికా పేరు. పక్క కొట్లో ఇనప పుల్లలకు గుచ్చి పిచ్చుకలను కాలుస్తున్నారు. వరిగింజలు తినేస్తాయి కాబట్టి వరిదేవుడి వాకిట్లో వాటిని కాల్చి తినడం ఇక్కడి పాత అలవాటట. నాకు మనసొప్పలేదు. మన దగ్గర కోతలయ్యాక వరికంకులు కుచ్చుగా అల్లి, వసారాలోనూ గుళ్ళోనూ పిచ్చుకల కోసమే వేలాడదీస్తాం. గింజ దాచుకున్న రైతు భయం ఒక చోట అలా, ఒక చోట ఇలా బయటపడింది. నేను పెరిగిన చూరుకు కుచ్చు వేలాడేది.

ఒంటిగంటకు మొదట మందిరంలో పూజ. తర్వాత అందరూ దేవుడి మడి దగ్గరికి నడిచారు. చిన్న మడి. చుట్టూ గడ్డితాడు కట్టారు, తాడుకు మడతలు పెట్టిన తెల్లకాగితాలు వేలాడుతున్నాయి. గట్టు మీద వాయిద్యాలు. సన్నాయిని పోలిన గొట్టం వాయిద్యమొకటి గాలిని చీల్చుతున్నట్టు మోగింది. కొందరు అమ్మాయిలు ఊడుపు నాట్యం చేశారు, మెల్లగా, చేతులు నీళ్ళ మీద ఆనిస్తున్నట్టు. నాటేవాళ్ళు వరసగా మడిలోకి దిగారు. ఆడవాళ్ళ తలల మీద గడ్డి టోపీలు, తెల్ల రవికెలు, ఎర్ర పట్టీలు. చేతిలో నారు కట్టలు.

అక్కడినుంచి నేను నాట్యం చూడలేదు, చేతులు చూశాను. కట్ట ఎడమ చేతిలో, కుడి చేతి మూడు వేళ్ళతో రెండు మూడు మొక్కలు విడదీసి, బొటనవేలితో బురదలోకి దించి, వేలు తీసేటప్పుడు గుంటను పూడ్చడం. అచ్చం అదే. కట్ట పీలికగా అయ్యేసరికి గట్టు మీది మనిషి ఇంకో కట్ట విసిరాడు, నీళ్ళు చిమ్మాయి. మా వాళ్ళయితే పాట అందుకునే వాళ్ళు. ఇక్కడ పాట వేరు, కాళ్ళు బురదలోంచి తీసిన చప్పుడు ఒకటే. ఒకామెకు బహుశా అలవాటు లేదు, మొక్క లోతుగా దించకపోతే తేలిపోయింది. నా చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళింది. తాడు అడ్డం ఉంది, ఆగాను. పక్కామె చూసి, వంగి, తేలిన మొక్కను మళ్ళీ దించింది.

ఈ మడిలో నాటిన పైరును అక్టోబరు 25న కోస్తారు. నవంబరు 23న కొత్త బియ్యం దేవుడికి పెడతారు. గడ్డిని కూడా పారెయ్యరు, అంతకుముందే నవంబరు 8న నిప్పుల పండగలో కాలుస్తారు. నాటినవాళ్ళు గట్టెక్కి, కాళ్ళు కడుక్కుని, వరసగా నిలబడి దేవుడి వైపు వంగారు. ఇక్కడ ఊడుపు కూలి కాదు, కొలుపు. నాయనమ్మ వంగిన మడులన్నీ ఇలా తాడు కట్టి చూడదగ్గ మడులే అని నాకు అనిపించింది. ఆమె నాటిన బియ్యం ఎన్ని గుళ్ళలో నైవేద్యమైందో ఆమెకు తెలియదు. తెలిసినవాళ్ళు ఆమెను పిలవలేదు.

సాయంత్రం ఇనారి స్టేషన్‌లో బండి కోసం బల్ల మీద కూర్చుని ఊళ్ళో ఉన్న అన్నయ్యకు ఫోన్ చేశాను. మన కంటే వాళ్ళ గడియారం మూడున్నర గంటలు ముందు, ఇంట్లో భోజనాల వేళ దాటింది.

"ఏం అన్నయ్యా, వానేమన్నా పడిందా?"

"పొద్దుట్నుంచీ ఉక్కబోసి సంపిందమ్మా. ఇప్పుడే మొదలైంది. గట్టిగా ఒక్క గంట పడితే పదునైద్ది. రేపు పత్తి గింజలు పెట్టిస్తా."

"గట్టిగానే పడుతోందా?"

"ఉండు" అన్నాడు. కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు. వసారాలోకి వచ్చి ఫోన్ బయటికి చాచినట్టున్నాడు. గొంతు దూరమైంది.

"విను" అన్నాడు.

మా రేకుల కప్పు మీద వాన. మొదట చినుకు చినుకుగా, తర్వాత ఒక్కసారిగా. బండి వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. అమ్మాయి లేవబోయి, నా మొహం చూసి, మళ్ళీ కూర్చుంది. ఆ బండిని వెళ్ళనిచ్చాం.